ఒట్టుకు సవరణ

కొలంబస్, ఒహాయో
17 నవంబరు 2024

ఒరే సిలారూ,

నీ అక్క మస్తాన్‌బీ రాస్తున్నది. ఇక్కడ చలి మొదలైంది. మోకాళ్ళు తప్ప మిగతాదంతా బాగానే ఉంది నాకు. నీ ఆయాసం ఎలా ఉంది? డాక్టరు నిన్ను దూది దగ్గరికి పోవద్దన్నాడని నీ కూతురు మెహర్ చెప్పింది. దూది మిషను పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. ఇక ఊపిరి కూడా దానికే ఇచ్చేస్తావా? పరుపుల కొట్టు అల్లుడు చూసుకుంటాడు గానీ, నువ్వు అరుగు మీద కూర్చో.

ఇప్పుడు సంగతి విను. వినడమంటే నీకు చదవడమేగా! మా అమ్మాయి అఫ్రోజ్ ఈ కాగితాన్ని ఫోటో తీసి పంపుతుంది, మెహర్ జిరాక్స్ కొట్లో అచ్చు తీయించి నీ చేతికిస్తుంది. నేను ఈ దేశం పౌరసత్వానికి అర్జీ పెట్టేశాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అనకు. ఇప్పుడు నా దగ్గరున్న పచ్చకార్డుతో ఏడాది దాటి బయట ఉంటే కార్డు పోతుంది. అందుకే వచ్చిన ప్రతిసారీ తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని వచ్చాను. నీ భార్య నస్రత్ పోయినప్పుడు కూడా నలభయ్యో రోజు ఫాతెహా కాగానే పెట్టె సర్దాను. నువ్వు దర్శి బస్టాండు దాకా వచ్చి బస్సు కదిలేదాకా నిలబడ్డావు. ఆ నిలబడటం నాకు ఇంకా కళ్ళలో ఉంది.

పౌరసత్వం వస్తే ఆ బాధ లేదు. ఇక్కడి పాస్‌పోర్టుంటుంది, మన దేశంవాళ్ళు జీవితాంతం చెల్లే కార్డు ఒకటిస్తారు. నీ దగ్గర ఎన్నేళ్ళయినా ఉండొచ్చు, బిడ్డను చూడాలనిపిస్తే ఇక్కడికి రావచ్చు. నాకు రెండు ఇళ్ళూ కావాలి రా. ఒకటి వదులుకుని ఒకటి పట్టుకోవడం నా వల్ల కాదు.

దానికో పరీక్ష ఉంది. ముసలిదాన్ని, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళైనదాన్ని కాబట్టి తెలుగులోనే చెప్పొచ్చట. ఈ దేశాన్ని ఎలా కట్టారు, ఎవరు ఏలతారు, ఎవరికి ఏ హక్కు, అన్నీ అడుగుతారు. వీళ్ళ రాజ్యాంగం 'ప్రజలమైన మేము' అని మొదలవుతుంది. రాజు రాసిచ్చింది కాదట, వీళ్ళే కూర్చుని రాసుకున్నారట. ఏడో తరగతిలో నాయన బడి మాన్పించినప్పటి నుంచి నన్నెవరూ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. భయంగానూ ఉంది, కులాసాగానూ ఉంది.

మందు మానకు. మెహర్ మీద విసుక్కోకు.

అక్క

*

దర్శి
2 డిసెంబరు 2024

అక్కకు,

కాగితం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే మెహర్ వచ్చి ఏడుస్తున్నావా నాన్నా అని సైగ చేసింది. కంట్లో దూది నలుసు పడిందని చెప్పాను. దూది దగ్గరికి ఎందుకెళ్ళావని మళ్ళీ అదొక తిట్టు.

నువ్వు వస్తానంటే నాకింకేం కావాలి? ఇంట్లో మనుషులున్నారు, కాదనను. అల్లుడు మంచివాడు, పిల్లలు మంచివాళ్ళు. కానీ చెవిటివాడితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. అందుకే అందరూ నాతో అవసరమైన మాటే మాట్లాడతారు. తిన్నావా, మందేసుకున్నావా, అంతే. ఊరికే కబుర్లు చెప్పేది ఎవరు? నీ కాగితం ఒక్కటే నాకు పూర్తిగా వినపడేది.

'ప్రజలమైన మేము' అన్నావే, మన బడి పుస్తకం మొదటి పేజీలో ఉండేది కూడా అదేగా! భారత ప్రజలమైన మేము. నువ్వే నాకు అక్షరాలు కూడబలికి చదివించావు. వాళ్ళు మనదాంట్లోంచి తీసుకున్నారా, మనమే తీసుకున్నామా? కనుక్కుని రాయి.

పత్తి తీతలు నడుస్తున్నాయి. ఈ ఏడు దూది తెల్లగా, పొడుగ్గా వచ్చింది. చేత్తో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. పట్టుకున్నానంతే, ఏకలేదు. కంగారుపడకు.

తమ్ముడు సిలార్

*

కొలంబస్
12 జనవరి 2025

ఒరే సిలారూ,

వాళ్ళది ముందట. మనవాళ్ళు అందులోంచి కొంత తీసుకున్నారని మనవడు చెప్పాడు. నీ నోరు మూయించే అవకాశం వస్తే నేను వదులుకుంటానా!

ఈ వారమంతా 'మూడు విభాగాలు' చదివాను. ఒకరు చట్టం చేస్తారు. అది కాంగ్రెసు, అందులో మళ్ళీ రెండు సభలు. ఒకరు దాన్ని నడిపిస్తారు, ఆయన అధ్యక్షుడు. ఇంకొకరు అది తప్పో ఒప్పో తేలుస్తారు, అది కోర్టు. ఎందుకిలా ముక్కలు చేశారయ్యా అంటే, ఒక్కడి చేతిలో అంతా ఉంటే వాడు రాజైపోతాడని భయమట. కాంగ్రెసు చేసినదాన్ని అధ్యక్షుడు వద్దనవచ్చు. ఆయన వద్దన్నా వాళ్ళు మూడింట రెండొంతుల మంది కలిస్తే దాన్ని నెగ్గించుకోవచ్చు. ఇద్దరూ కలిసి చేసినా, రాజ్యాంగానికి పడకపోతే కోర్టు కొట్టేస్తుంది.

ఎంతకీ తలకెక్కలేదు. అప్పుడు మన కొట్టు గుర్తొచ్చింది. గుడ్డా కొలతా నస్రత్ చెప్పేది. ఏకి, దూది నింపి, సూదీ దారంతో టాకాలు వేసేది నువ్వు. చివరికి పరుపంతా అరచెయ్యి పెట్టి ఒత్తి చూసేది నేను. ఎక్కడ ఉండ తగిలినా విప్పమనేదాన్ని. నువ్వు ఎన్ని తిట్లు తిట్టేవాడివి! 'ఈ చెయ్యి కాదు గదా, పోలీసు లాఠీ' అనేవాడివి. కానీ విప్పేవాడివి. నస్రత్ కొలత తప్పు చెబితే నువ్వు ఊరుకునేవాడివి కాదు. ఎవరి మాటా పూర్తిగా చెల్లలేదు, అందుకే మన పరుపు మీద పడుకున్నవాడికి నడుం నొప్పి రాలేదు. ఆ లెక్కన కోర్టును నేనే.

అఫ్రోజ్‌కు ఈ మధ్య నవ్వు తగ్గింది. 'అమ్మా, తొందరగా కానిచ్చుకో, బయటినుంచి వచ్చినవాళ్ళకు రోజులు బాగాలేవు' అంటుంది. నేనేమో పుస్తకంలో అందరికీ చట్టం ఒకటే అని చదువుతున్నాను. పెద్దవాళ్ళైనా, నడిపించేవాళ్ళైనా చట్టానికి లోబడాల్సిందేనట. బట్టీ పెట్టాను, బాగుంది కూడా.

వేళకు తిను.

అక్క

*

దర్శి
21 ఫిబ్రవరి 2025

అక్కకు,

మరి ముగ్గురూ ఒకటైపోతే?

అదే నా సందేహం. అఫ్రోజ్‌ను అడుగు. నీ చెయ్యి ఉండను చూసి కూడా చూడనట్టు ఊరుకుంటే పరుపు ఏమవుతుంది? పుస్తకంలో దానికి జవాబుందా?

ఇక్కడ కళ్ళాలన్నీ ఎర్రగా ఉన్నాయి. మిరపకాయలు ఎండుతున్నాయి గానీ రైతు మొహంలో నవ్వు లేదు. రేటు లేదు, కాబట్టి పెళ్ళిళ్ళు వాయిదా, పెళ్ళిళ్ళు లేవు కాబట్టి పరుపులూ లేవు. అల్లుడు ఈగలు తోలుకుంటున్నాడు. ఆ మిరప కోరుకు, ఘాటుకు నాకు దగ్గు ఎక్కువైంది. రాత్రిళ్ళు కూర్చుని నిద్రపోతున్నాను. పర్వాలేదులే.

మాట స్వేచ్ఛ అని కూడా ఒకటి ఉందన్నాడట నీ మనవడు, మెహర్ ఫోన్లో చదివి రాసి చూపించింది. చెవిటివాడికి మాట స్వేచ్ఛ ఎందుకులే. ఎదుటివాడికి వినే ఓపిక ఇమ్మను, అది హక్కుల్లో రాయమను.

చివర్లో ఏదో ప్రమాణం చెప్పిస్తారని కూడా మెహరే రాసింది. ఏం ప్రమాణమక్కా అది? తెలుగు చేసి పంపు.

సిలార్

*

కొలంబస్
9 ఏప్రిల్ 2025

ఒరే తమ్ముడూ,

పాసయ్యాను! పాసయ్యాను రా!

ఎర్ర కోటేసుకున్న ఆఫీసరమ్మ అడిగింది, పక్కన తెలుగు చెప్పే అమ్మాయి కూర్చుంది. ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద చట్టమేది? రాజ్యాంగం. ఒక విభాగం మరీ బలిసిపోకుండా ఆపేదేది? ఒకరినొకరు అదుపులో పెట్టుకోవడం. ఆ మాట అంటూనే నా అరచెయ్యి బల్ల మీద ఒత్తాను, పాపం ఆమెకేం తెలుసు! పదింట్లో ఆరు చెబితే చాలట. నేను మొదటి ఆరూ వరసగా చెప్పేసరికి ఆపేసింది. నాకు మిగతావి కూడా చెప్పాలని ఉండిపోయింది.

నీ ప్రశ్న అఫ్రోజ్‌ను అడిగాను. ముగ్గురూ ఒకటైతే ఏమవుతుందే అని. అది కడుగుతున్న గిన్నె బోర్లించింది. తర్వాత, 'అప్పుడు రాజ్యాంగం మొదటి మాటల్లో ఉన్నవాళ్ళు లేవాలమ్మా' అంది. ప్రజలమైన మేము. అంతకంటే నాకూ తెలియదు.

ప్రమాణం అడిగావుగా. జూన్‌లో పెద్ద హాల్లో అందరితో కలిపి చెప్పిస్తారట. మనవడి చేత తెలుగు చేయించాను: 'నేను ఇంతవరకు ప్రజగా, పౌరురాలిగా ఉన్న ఏ పరాయి రాజుకూ, ప్రభువుకూ, దేశానికీ, రాజ్యానికీ నాకున్న విధేయతను పూర్తిగా, సంపూర్ణంగా విడిచిపెడుతున్నానని ప్రమాణం చేస్తున్నాను.' ఇంకా ఉంది, ఈ దేశం చట్టాలను కాపాడతానని అదీ ఇదీ. మొదలు మాత్రం ఇదే.

దసరా నాటికి నీ దగ్గరుంటాను. పండుమిరప పచ్చడి నా వంతు దాచమను మెహర్‌ను. పోయినసారి విమానాశ్రయంలో తీసేసుకున్నారు, ఈసారి నీ ఇంట్లోనే కూర్చుని తింటాను.

మీ అక్క, పాసైనది

*

దర్శి
24 ఏప్రిల్ 2025

అక్కా,

ఆ మాట అనొద్దు.

నీకు దణ్ణం పెడతా, ఆ మాట నోటితో అనొద్దు. నాయన సంగతి మర్చిపోయావా? చిన్నాయనతో కొట్టు దగ్గర గొడవైతే నాయన పీర్ల చావిడికి పోయి, పీరు మీద చెయ్యి పెట్టి, 'వాడికీ నాకూ సంబంధం తెగింది, వాడి గడప తొక్కను' అన్నాడు. కోపంలో అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు ఏడ్చాడో నీకు తెలుసు. చిన్నాయన మంచం పట్టి, అన్నను పిలవమని కబురు పెడితే, నాయన సందు మలుపు దాకా పోయి ఆగిపోయాడు. నేను వెనకే ఉన్నాను. 'నోటితో అన్నాను రా, ఒట్టు తప్పితే మీకు తగులుద్ది' అన్నాడు. అటు ఆయన పోయాడు, ఇటు ఈయన మట్టి వెయ్యడానికి కూడా పోలేదు. నాలుగిళ్ళ అవతల!

నువ్వు పుట్టిన దేశాన్ని పూర్తిగా, సంపూర్ణంగా విడిచిపెడుతున్నానని వందమందిలో ఒట్టేస్తావా? ఒట్టేశాక ఇక్కడికెట్లా వస్తావు? వస్తే అఫ్రోజ్‌కు, దాని బిడ్డలకు తగలదా? నాకోసమని చెప్పి నా దారే మూసేస్తున్నావే.

ఇంకో మాట. ఏలేవాళ్ళకు అధికారం, ఏలబడేవాళ్ళ ఒప్పుదలలోంచి వస్తుందని వాళ్ళ పుస్తకంలో ఉందని అఫ్రోజ్ మెహర్‌కు చెప్పిందట. రాజు సముద్రం అవతల కూర్చుని వీళ్ళనడక్కుండా పన్ను వేశాడనే గదా వాళ్ళు తిరగబడింది. మరి నువ్వు? అర్జీ పెట్టేశాక నాకు చెప్పావు. నా కోసమే అంటున్నావు. నన్నడిగావా అక్కా?

సిలార్

*

కొలంబస్
13 జూన్ 2025

సిలారూ,

నీ కాగితం చదివి చాలా రోజులు కలం పట్టలేదు. నిజమే, నిన్నడగలేదు. చిన్నప్పటి నుంచి నిన్నడక్కుండానే నీ తల దువ్వాను, నీకన్నం పెట్టాను. అడగాలని తోచలేదు.

నిన్న ప్రమాణం చేసేశాను.

చెయ్యి ఎత్తి నిలబడ్డాం అందరం. నా పక్కన ఒక సోమాలియా ఆవిడ, ఆ పక్కన మెక్సికో కుర్రాడు. ఆ 'విడిచిపెడుతున్నాను' అన్న చోట అందరికంటే ఒక మాట వెనకబడ్డాను. నీ మొహం కనపడింది, నాయన సందు మలుపులో నిలబడటం కనపడింది. కానీ అన్నాను. అనకపోతే నీ దగ్గరికి రాలేను కాబట్టి అన్నాను. పక్కావిడ ఏడుస్తోంది, నేనూ ఏడ్చాను. అందరూ సంతోషానికనుకుని జెండాలిచ్చి ఫోటోలు తీశారు.

ఒరే, అది నీ మీద వేసిన ఒట్టు కాదు. రాజుకూ రాజ్యానికీ లోబడి ఉంటానన్న కట్టుబాటును వదలడమే. తమ్ముణ్ణి వదులుతానని గానీ, దర్శిలో అడుగు పెట్టనని గానీ అందులో లేదు. పచ్చకార్డు అక్కడే తీసేసుకున్నారు. పాస్‌పోర్టుకు పెట్టాం, రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా ఎటూ కదల్లేను.

కోపముంటే తిట్టి రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

అక్క

*

దర్శి
20 జూన్ 2025

మస్తాన్‌బీ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు క్షేమమని తెలిసి సంతోషం.

నోటితో అన్నది అన్నదే. తప్పితే బిడ్డలకు తగులుతుంది. నా మూలంగా అఫ్రోజ్‌కు ఏమన్నా అయితే నేను భరించలేను. కాబట్టి మీరు రావద్దు. మీ కోసం ఖాళీ చేయించిన వెనక గదిలో అల్లుడు దూది బస్తాలు పెట్టుకుంటానన్నాడు, సరేనన్నాను.

నా ఆరోగ్యం బాగుంది.

ఇట్లు,
షేక్ సిలార్

*

కొలంబస్
25 జూన్ 2025

'గారు' అంటావురా నన్ను? 'మీరు' అంటావా?

నీ ముక్కు చీదిన చెయ్యి ఇది. నీకు అమ్మోరు పోసినప్పుడు వేపమండ పట్టుకుని రాత్రంతా కూర్చున్నది ఎవరు, ఈ 'మస్తాన్‌బీ గారా'? ఆ కాగితం చదివినప్పటి నుంచి ముద్ద దిగటం లేదు నాకు. చచ్చిపోతే బాగుండు అనిపించింది. అనిపించిందని రాస్తున్నాను, నీ దగ్గర దాచేదేముంది.

సరే, నువ్వు ఒట్టే అంటున్నావు. ఒట్టే అనుకుందాం. ఇప్పుడు నేను పరీక్షకు చదివిన ఒక సంగతి చెబుతా, గుండె రాయి చేసుకోకుండా చదువు.

ఈ దేశం కట్టినవాళ్ళు రాజ్యాంగం రాసేటప్పుడు, మేం పెద్దవాళ్ళం, మేం రాసిందే చివరి మాట అనుకోలేదు. మేమూ తప్పు చేస్తాం, రేపటివాళ్ళు సరిచేసుకోవాలి అని, ఆ సరిచేసుకునే దారి కూడా అందులోనే రాసిపెట్టారు. దాన్ని సవరణ అంటారు. నిజంగానే తప్పులున్నాయి. మనిషిని మనిషి కొనుక్కోవడాన్ని వాళ్ళు ఉండనిచ్చారు. సవరణతో తీసేశారు. ఆడవాళ్ళకు ఓటు లేదు. సవరణతో ఇచ్చారు. ఇంకోటి విను, నవ్వొస్తుంది. ఒక సవరణతో దేశమంతా సారా మాన్పించారు. అది కుదరక, ఇంకో సవరణతో ఆ సవరణనే కొట్టేశారు! అయినా ఆ రాజ్యాంగానికి విలువ పోలేదు. ఆకాశం విరిగి ఎవరి నెత్తినా పడలేదు.

నాయన ఒట్టుకు ఆ దారి లేదు రా. పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు. నోరు జారిన ఒక్క మాటను మార్చుకునే వీలు లేక, సందు మలుపులో నిలబడి తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. ఆ మలుపులోనే నువ్వు నన్ను నిలబెడుతున్నావు.

అయితే సవరణ ఒక్కడు చేసుకుంటే చెల్లదు. చాలామంది ఒప్పుకోవాలి. నేను ఇక్కడ ఒక్కదాన్నే అనుకుంటే సరిపోదు. ఈసారి అడుగుతున్నాను, సిలారూ. అడక్కుండా చెయ్యను. ఈ ఒట్టుకు సవరణ చేద్దామా? నేను నీ దగ్గరికి రావచ్చా?

నీ అక్క. గారు కాదు.

*

దర్శి
9 జూలై 2025

అక్కా,

నీ కాగితం దిండు కింద పెట్టుకుని పీర్ల పండగ వచ్చేదాకా ఆలోచించాను.  ఆఖరి రోజు పీర్లు కాలువకు పోయి వచ్చాక, మెహర్‌ను తోడు పెట్టుకుని చావిడికి వెళ్ళాను. పీర్లను చూసుకునే మన కాలం ముజావరు ఇంకా ఉన్నాడు, నాకంటే ముసలాడు. నీ కాగితం మెహర్ ఆయనకు చదివి వినిపించింది. సారా దగ్గర ఆయన నవ్వాడు. నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. నాయన ఒట్టు వేసిన రోజు ఆయనా అక్కడే ఉన్నాడట.

చాలామంది ఒప్పుకోవాలన్నావుగా. అందుకని అందరినీ అడిగాను. చిన్నాయన మనవళ్ళ ఇంటికి పోయాను. మన ఇంటినుంచి ఆ గడప తొక్కింది నేనే మొదలు. వాళ్ళ పెద్ద కోడలు మంచినీళ్ళిచ్చి, ఎందుకొచ్చానో తెలియక బిత్తరపోయింది. మా నాయన ఒట్టు కొట్టేస్తున్నాం, మా అక్క ఒట్టు కూడా కొట్టేస్తున్నాం, మీకు సమ్మతమేనా అని అడిగాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఏమో, వీధిలోవాళ్ళు కూడా వచ్చారు. నాకేం వినపడలేదు. తలలు మాత్రం ఊపారు. అందరూ ఊపారక్కా. మెహర్ ఊపింది, అల్లుడు ఊపాడు. తర్వాత చిన్నాయన సమాధి దగ్గర నాయన తరఫున ఫాతెహా చదివించాను.

ఇక దారిలో అడ్డం లేదు. రా. అడిగావు గదా, ఒప్పుకున్నాను. వచ్చెయ్యి.

'గారు' అని రాసినందుకు నా చెయ్యి విరిగిపోను. అది రాశాక అన్నం తినలేదు నేను కూడా.

వెనక గదిలో బస్తాలు తీయించాను. నీకు పరుపు చేస్తున్నాను. కొట్లోది కాదు, మిషనుదీ కాదు. అటక మీదనుంచి నాయన దూదేకే విల్లు దింపాను. కొత్త పత్తి, ఆ తెల్లది, నీకోసమనే ఒక బస్తా పక్కన పెట్టి ఉంచాను. చేత్తో ఏకిన దూది మీద పడుకుని ఎన్నేళ్ళైందే నువ్వు? అల్లుడికి తెలియకుండా, వాళ్ళు లేవకముందు తలుపేసుకుని కాసేపు, కాసేపే. తాడు మోత నాకు వినపడదు గానీ, మోచేతిలో తెలుస్తుంది.

ఒక మూల కావాలనే ఉండ వదిలేస్తాను. ఎక్కడో చెప్పను. నువ్వొచ్చి చెయ్యి పెట్టి పట్టుకో. పట్టుకుని నన్ను తిట్టు. నువ్వు విప్పమంటే అప్పుడు విప్పుతాను.

సిలార్

*

దర్శి
4 ఆగస్టు 2025

ఒరే సిలారూ,

వచ్చాను. వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. నీకు ఎప్పుడూ రాసే చెప్పాను, ఇంకోలా చెప్పడం నాకు రాదు.

నీ కాగితం అందిన రోజు ఇల్లంతా తిరిగాను. అఫ్రోజ్‌ను పట్టుకుని ఊపేశాను, మా తమ్ముడు ఒప్పుకున్నాడే అని. నువ్వు తలుపేసుకుని ఏకుతున్నావన్న ముక్క చదివాను కూడా. చదివి మురిసిపోయాను. నేను మురిసిపోయాను రా! ఆ దుమ్ము సంగతి నా బుర్రకు తట్టలేదు. పాస్‌పోర్టు వచ్చింది. సరే బయల్దేరదామంటే, ఆ జీవితాంతం కార్డు రావడానికి నెలలు పడుతుందట, అందాకా వీసా కావాలన్నారు. దర్శి రావడానికి నాకు వీసా! పుట్టిన ఊరి పేరు రాయమంటే రాశాను, ఎందుకు వెళుతున్నారంటే తమ్ముణ్ణి చూడటానికి అని రాశాను. అది వచ్చేలోపే మెహర్ ఫోను చేసింది. నీకు ఊపిరి అందటం లేదని, ఆసుపత్రికి తీసుకుపోతున్నామని. శుక్రవారం తెల్లవారుజామున పోయావని మళ్ళీ చేసింది. వీసా అదే రోజు వచ్చింది.

నేను విమానంలో ఉండగానే నిన్ను మట్టిలో పెట్టేశారు. నాయనకు నాలుగిళ్ళ దూరం, నాకు సముద్రం దూరం. ఇద్దరం అందుకోలేదు.

హైదరాబాదులో దిగితే కౌంటరు అబ్బాయి నా పాస్‌పోర్టు తిప్పి చూసి, ఎన్నాళ్ళుంటారు మేడమ్ అన్నాడు. ఎన్నాళ్ళైనా ఉండొచ్చునని ఇన్ని నెలలు చదివాను, పరీక్ష పాసయ్యాను, ఒట్టేశాను. తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు బాబూ అన్నాను.

ఆడవాళ్ళు లోపలికి పోకూడదు గదా, శ్మశానం గేటు బయట నిలబడి నీ మట్టి చూశాను. చిన్నాయన పక్కనే పెట్టారు. నువ్వే అడిగావట మెహర్‌ను, నాయన తరఫున నేనుంటానని.

మెహర్ ఏడ్చి ఏడ్చి చెప్పింది. పొద్దున్నే లేచి చూస్తే తలుపు గడియ పెట్టి ఉండేదట. తట్టినా నీకు వినపడదు. ఆఖరికి అల్లుడు గడియ ఊడగొడితే, గదినిండా దూది తేలుతోందట, నువ్వు పరుపు మూతి మూసే టాకా వేస్తూ కూర్చుని వాళ్ళను చూసి నవ్వావట, దగ్గుతూనే. అయిపోయింది, ఇంకేకను అన్నావట.

నన్నడిగావా? అక్క నన్నడగలేదని అంత పెద్ద కాగితం రాశావే, మరి డాక్టరు వద్దన్న దూదిలో కూర్చునే ముందు నన్నొక్క మాట అడిగావా? అడిగితే వద్దనేదాన్ని. నాకు నేల చాలనేదాన్ని. నీ పక్కన చాప వేసుకుని పడుకునేదాన్ని.

పరుపు మంచం మీద ఉంది. గళ్ళ గుడ్డ, నస్రత్ ఎప్పుడూ ఎంచే రంగే తెచ్చావు. నిన్నంతా దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక అరచెయ్యి పెట్టాను. తల దగ్గర మొదలుపెట్టి, ఎప్పటిలాగే, వరసగా ఒత్తుకుంటూ వచ్చాను. ఎంత మెత్తగా ఏకావు రా. నీ జన్మలో ఇంత మంచి పరుపు చెయ్యలేదు నువ్వు. కాళ్ళవైపు ఎడమ మూలకు వచ్చేసరికి తగిలింది. నిమ్మకాయంత ఉండ.

దొరికిందిరా దొంగా అని గట్టిగా అరిచాను. మెహర్ పరిగెత్తుకొచ్చింది. నేను ఆ మూల పట్టుకుని, విప్పు, విప్పి సరిగ్గా నింపు అని అరుస్తూనే ఉన్నానట. అది నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. మామూలుగా నువ్వు ఈపాటికి నా చేతిని పోలీసు లాఠీ అని తిట్టి ఉండాలి.

అల్లుడు వచ్చి, నేను విప్పి సరిచేస్తానత్తా అన్నాడు. వద్దన్నాను. ఆ మూల ఎవరూ ముట్టుకోవడానికి నేను ఒప్పుకోను. ఈ రాత్రి నుంచి దాని మీదే పడుకుంటాను. కాలికి ఆ ఉండ తగులుతూ ఉంటుంది, తగలనీ.

వచ్చేశాను, తమ్ముడూ. ఇక వెళ్ళాల్సిన తొందరేం లేదు.

అక్క